కొలిమి నుంచి విద్యానగర్ దాకా

క్రిందటేడు మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పిల్లలు ఒక చిన్న నాటిక వేశారు. పేరు ‘డమాస్కస్ కత్తి’. ఒక సుల్తాను, గాలిలో ఎగరేసిన పట్టుగుడ్డని రెండుగా కోసేసే కత్తి, ఆ కత్తికి ఉక్కు ఎక్కడిదని ఆరా తీస్తే అది మన తెలంగాణ పల్లెలోదని తేలడం. చివర్లో తెర మీద, ఇంగ్లీషువాళ్ళ ‘వుట్జ్’ అన్న మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని అక్షరాలు పడగానే హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అమెరికాలో పుట్టిన పిల్లల నోట ‘మూస’, ‘కొలిమి’, ‘తిత్తి’ లాంటి మాటలు వినబడితే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు?

భోజనాల దగ్గర పులిహోర వరసలో నా ముందు నిలబడ్డ కుర్రాడు (సుల్తాను వేషం వాడిదే, మీసం ఇంకా చెరగలేదు) వెనక్కి తిరిగి అడిగాడు: “అంకుల్, ఆ ఉక్కు చెయ్యడం వాళ్ళకి ఎవరు నేర్పారు? ఇప్పుడు ఎవరు నేర్పుతున్నారు?”

“తండ్రి కొడుక్కి నేర్పేవాడురా. ఇప్పుడు ఎవరూ నేర్పటం లేదు” అని చెప్పి నా పళ్ళెం నేను నింపుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ జవాబు నాకే నచ్చలేదు. పుట్టుకకి మేము కమ్మరివాళ్ళం. మా తాత కరీంనగర్ జిల్లాలో ఒక పల్లెలో కొలిమి నడిపాడు. మా బాపు హైదరాబాదులో ఒక పెద్ద కర్మాగారంలో ఫిట్టరు. నేను మిషిగన్‌లో ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుని. మూడు తరాలూ ఇనుము తిన్నవాళ్ళమే అయి కూడా, మధ్య తరం ఎలా నేర్చుకుందో ఒక పిల్లవాడికి చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ కుర్రాడికి బాకీపడ్డ జవాబు. వాళ్ళ అమ్మానాన్నలు చదివి చెబుతారని ఆశ.

మన సభల్లో ఉక్కు కథ రెండు స్తంభాల మీద నిలబడుతుంది. ఒకటి డమాస్కస్ కత్తి, రెండోది విశాఖ ఉక్కు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోవడం, 1971 జనవరి 20న శంకుస్థాపన, ఇవన్నీ మనకి కంఠస్థం. ఈ రెండు స్తంభాల మధ్యనున్న దూరం ఎవరు దాటించారన్నది మాత్రం ఎవరూ అడగరు. కోనసముద్రం కమ్మరుల మనవలే నేరుగా నడిచి వెళ్ళి విశాఖలో చేరినట్టు మాట్లాడతాం. అది నిజం కాదు. దారి మధ్యలో తెగిపోయింది. మళ్ళీ వేసిన దారి వేరు, వేసినవాళ్ళు వేరు.

ముందు కోనసముద్రం సంగతి. ఇది నిజామాబాదు జిల్లాలో ఉంది. 1820ల మొదట్లో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఇక్కడికి వచ్చాడు. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఆయన వైద్యుడూ, భూగర్భ శాస్త్రజ్ఞుడూ కూడా. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి తిత్తులు ఊది కరిగించడం, ఆ తర్వాత తొందరపడకుండా చల్లార్చడం, అన్నీ చూసి రాసుకున్నాడు. సరుకు కోసం పారశీక వర్తకులు ఇంత దూరం వచ్చి కూర్చునేవారని కూడా రాశాడు. వాయిసీ 1824లో చనిపోయాడు; ఆయన రాతలు 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అంతకు ముందే, 1795లో, పియర్సన్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీలో వుట్జ్ మీద వ్యాసం చదివాడు. 1820 ప్రాంతంలో సాక్షాత్తూ మైకేల్ ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఈ ఉక్కు రహస్యం పట్టుకోవాలని తంటాలు పడ్డాడు.

ఆ రహస్యంలో పెద్ద భాగం ఇప్పుడు మనకు తెలుసు. ఆ ఉక్కులో కర్బనం పాలు చాలా ఎక్కువ, నూటికి ఒకటిన్నర దాకా ఉండేది. అలాంటి ఉక్కుని బాగా తెల్లగా కాగనిచ్చి సుత్తితో కొడితే పెంకులా పగిలిపోతుంది. తక్కువ వేడిలో, ఓపికగా కొట్టాలి. యూరపు కమ్మరులు తమ అలవాటు ప్రకారం బాగా కాచి కొట్టారు, అది చితికిపోయింది. అంటే సరుకు ఓడలో వెళ్ళింది కానీ చెయ్యి వెళ్ళలేదు. నా దృష్టిలో ఈ కథలో అతి ముఖ్యమైన సంగతి ఇదే, మన నాటికల్లో కనపడనిదీ ఇదే.

చెయ్యి వెళ్ళకపోవడం ఒక ఎత్తు. ఆ చెయ్యి ఇక్కడా మిగలలేదు. కత్తులకి గిరాకీ పోయింది, ఇంగ్లండు నుంచి చవక ఉక్కు దిగింది, 1856 తర్వాత బెస్సిమర్ పద్ధతి వచ్చాక ఒక్కో మూసలో ఇంతింత ఉక్కు తీసేవాడికి బతుకుతెరువే లేకుండా పోయింది. పని ఇంటి గుట్టుగా ఉన్నంత కాలం, ఇల్లు ఆ పని మానేస్తే దాంతోపాటు విద్య కూడా పోతుంది. రాత లేదు, బడి లేదు, పరీక్ష లేదు. కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్ళ పేర్లు కూడా మనకు దక్కలేదు. మా తాతకి కోనసముద్రం పేరే తెలియదు. ఆయన చేసింది నాగటి కర్రులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, బండి చక్రాలకి పట్టాలు.

ఇక రెండో దారి. మన ప్రాంతంలో యంత్రాల దగ్గర పని నేర్పిన మొదటి పెద్ద బడులు రైల్వే వర్క్‌షాపులే అనుకోవాలి. సికింద్రాబాదు పక్కన లాలాగూడ వర్క్‌షాపు 1893లో వచ్చింది. అక్కడ నేర్చుకున్నవాడు పుస్తకం చూసి నేర్చుకోలేదు, ఉస్తాదు వెనక నిలబడి నేర్చుకున్నాడు. అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం. ఫిరంగులకీ, లారీలకీ, విమానాలకీ వేల మంది ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు కావలసి వచ్చారు. తండ్రి కొడుక్కి పదేళ్ళు నేర్పేదాకా యుద్ధం ఆగదు కదా. 1940లో ప్రభుత్వం హడావిడిగా సాంకేతిక శిక్షణ పథకం మొదలుపెట్టింది. మరో పక్క బ్రిటన్ కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీద ఒక పథకం కింద మనవాళ్ళని ఓడల్లో ఇంగ్లండు తీసుకెళ్ళి, అక్కడి శిక్షణ కేంద్రాల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ పని నేర్పించి వెనక్కి పంపారు. 1941లో మొదటి జట్టు వెళ్ళింది. విదేశీ శిక్షణ అంటే మనకి ఎమ్మెస్‌లూ పీహెచ్‌డీలే గుర్తొస్తాయి కానీ, చేతిపనివాళ్ళు మనకన్నా ముందే సముద్రం దాటారు. అదే కాలంలో హైదరాబాదులో ఆల్విన్ 1942లో, ప్రాగా టూల్స్ 1943లో పుట్టాయి.

యుద్ధం అయిపోగానే సైన్యం నుంచి ఇళ్ళకి వచ్చేవాళ్ళకి ఏదో ఒక దారి చూపాలని 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ పెట్టారు. రెండేళ్ళకే దేశ విభజన. కాందిశీకులకీ అవే శిక్షణ కేంద్రాలు తలుపులు తెరిచాయి. 1950లో మామూలు జనం పిల్లలందరికీ వర్తించేలా చేతిపనివారి శిక్షణ పథకం వచ్చింది. మనం ఐటీఐ అని పిలుచుకునే బడి దీని సంతానమే. అంటే యుద్ధానికి కట్టిన పాక శాంతికాలానికి ఇల్లయింది. శివరావు కమిటీ సిఫార్సు మీద ఈ సంస్థల రోజువారీ పాలనను రాష్ట్రాలకు అప్పగించారు. ఏ రోజున? 1956 నవంబరు 1న. ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే మన ఐటీఐలు కూడా మన చేతికి వచ్చాయన్నమాట. ఆ తేదీన మనం జరుపుకున్న ఉత్సవాల్లో ఈ సంగతి ఎవరైనా తలుచుకోగా నేను వినలేదు.

1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. నిర్ణయించిన పరిశ్రమల్లో యజమానులు కొంతమంది కుర్రాళ్ళని తీసుకుని పని నేర్పి తీరాలన్నది దాని సారం. 1964లో మా బాపు ఊరు విడిచి హైదరాబాదు ఐటీఐలో ఫిట్టరు ట్రేడులో చేరాడు. రెండేళ్ళ చదువు, ఆ తర్వాత అప్రెంటిసు.

ఆ రెండేళ్ళలో ఏం నేర్పుతారో చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మొదట చేతికి ఇచ్చేది ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. దాన్ని వైస్‌లో బిగించి, రాయాలి. రాస్తూనే ఉండాలి. ముక్క నాలుగు వైపులా చదునుగా, మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలుగా వచ్చేదాకా. మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడకూడదు. కనబడిందా, మళ్ళీ వైస్ దగ్గరికి. ఆ తర్వాత సర్ఫేస్ ప్లేటు మీద నీలం రంగు పలచగా పూసి, దాని మీద ముక్కని రుద్దితే ఎత్తుగా ఉన్నచోట మాత్రమే నీలం అంటుకుంటుంది. అక్కడ మాత్రమే గీకాలి. తల వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త తక్కువ ఉంటుంది. కుర్రాడి చేతిలోని వెర్నియర్ కాలిపర్ 0.02 మిల్లీమీటరు దాకా చూపిస్తుంది. నాగలి కర్రుకి ఈ కొలతలు అక్కర్లేదు. తాత కొలిమిలో పెరిగిన చెయ్యి ఈ వెలుగు గీత దగ్గర చాలా రోజులు ఓడిపోయిందట. “మా నాయిన సమ్మెట ఎత్తుమంటే ఎత్తిన గని, గీ ఆకురాయి నన్ను ఏడిపిచ్చింది” అనేవాడు బాపు. బలం ఒక్కటి చాలదని అప్పుడు తెలిసిందట.

సరే, కుర్రాడు పద్ధెనిమిదేళ్ళకి నేర్చుకున్నాడు, ఫ్యాక్టరీలో చేరాడు. యాభై ఎనిమిదేళ్ళ దాకా పని చెయ్యాలి. ఈ నలభై ఏళ్ళూ యంత్రాలు ఊరుకుంటాయా? చిక్కంతా ఇక్కడే ఉంది. 1960లలో హైదరాబాదు రూపమే మారిపోయింది. రామచంద్రాపురంలో చెక్ దేశస్థుల సాయంతో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం (ఇప్పటి భెల్), 1965లో హెచ్ఎంటీ మెషిన్ టూల్స్, 1967లో ఈసీఐఎల్. కొత్త యంత్రాలతోపాటు కొత్త రకం ఉక్కులు, హైడ్రాలిక్స్, కొత్త వెల్డింగు పద్ధతులు. ఇంజనీర్లకి విదేశీ ప్రయాణాలు, సెమినార్లు ఉన్నాయి. ఫిట్టరుకి ఏముంది? పక్కవాడిని చూసి నేర్చుకోవడం, తప్పు చేసి తిట్లు తిని నేర్చుకోవడం.

ఉద్యోగంలో ఉన్న కార్మికుడిని మళ్ళీ బడికి పిలవాలన్న ఆలోచన మన దేశంలో 1968లో ఒక రూపం దాల్చింది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో మద్రాసు గిండీలో ఉన్నత శిక్షణ సంస్థ, అంటే అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్, పెట్టారు. అప్పటికే పని తెలిసిన మేటి కార్మికులకి, టెక్నీషియన్లకి పైమెట్టు నైపుణ్యాలు నేర్పడం దాని పని. అదే ఏడాది అవే సంస్థల చేయూతతో మన బాలానగర్‌లో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వచ్చింది. సీఐటీడీ అంటే ఆ వైపు ఆటోవాళ్ళకి కూడా తెలుసు. 1974లో స్వీడన్ సాయంతో రామంతపూర్‌లో ఎలక్ట్రానిక్స్‌కీ, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కీ విడిగా ఒక శిక్షణ సంస్థ పుట్టింది. గిండీ ప్రయోగం ఫలించడంతో 1977 అక్టోబరులో ఉన్నత వృత్తి శిక్షణ పథకాన్ని దేశమంతటికీ విస్తరించారు. బొంబాయి, కలకత్తా, హైదరాబాదు, కాన్పూరు, లూధియానా, మద్రాసుల్లోని ఆరు కేంద్ర సంస్థల్లోనూ, 15 రాష్ట్రాలు ఎంపిక చేసిన 16 ఐటీఐల్లోనూ ఇది మొదలైంది. హైదరాబాదుది విద్యానగర్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో. అప్పటిదాకా అది ఐటీఐలకి బోధకులను తయారుచేసే బడి.

పథకం తీరు చాలా తెలివైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కార్మికుడు ఉద్యోగం మానక్కర్లేదు. కంపెనీయే పంపుతుంది, జీతం ఆగదు. ఏళ్ళ తరబడి చదువు కాదు, కొద్ది వారాల కోర్సులు. ఏది కావాలంటే దానికే వెళ్ళవచ్చు: ఉష్ణోపచారం (హీట్ ట్రీట్‌మెంటు అంటేనే అందరికీ తెలుస్తుంది), డైల తయారీ, కొలతల శాస్త్రం, హైడ్రాలిక్స్, యంత్రాల మరమ్మత్తు, మేలురకం వెల్డింగు. మెట్రిక్ దాటని వాడికైనా, పాతికేళ్ళు పనిచేసిన వాడికైనా బల్ల ఒకటే.

బాపుని 1982లో పంపారు. ఆరు వారాలు, హీట్ ట్రీట్‌మెంటు. టూల్ రూములో ప్రెస్ పంచ్‌లు పదే పదే మొన విరిగిపోతున్నాయని, పొమ్మన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా, సైకిలు, ఒక రెండొందల పేజీల నోటుబుక్కు. “బాపూ, నువ్వు మళ్ళా బడికి పోతున్నవా?” అని నేను ఎగతాళి చేస్తే, “పెద్ద బడిరా, నీ బడి కంటె పెద్దది” అనేవాడు. ఆ ఆరు వారాలు ఆయన గడ్డం గీసుకోని రోజు లేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. బాపు పోయాక పెట్టె సర్దుతుంటే దొరికింది. ఈ వ్యాసం సాహిత్య సంస్థ సంచికకి ఎందుకు పంపుతున్నానని అనుకునేవాళ్ళకి ఈ పుస్తకమే నా సమాధానం. పాఠం ఇంగ్లీషులో. బాపు రాత తెలుగులో. బోధకుడు బల్ల మీద రాసింది ఒక వైపు పేజీలో ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతో ఎక్కించుకున్నాడు. ఎదురు పేజీలో తనకి అర్థమైంది తన భాషలో రాసుకున్నాడు. క్వెంచింగ్‌కి ఎదురుగా ‘నీళ్ళల్ల ముంచుడు, నూనెల ముంచుడు’. ‘నూనెల ముంచితే పర్రె తక్కువ’ అని పక్కన ఒక గీత. పర్రె అంటే పగులు. కొన్ని చోట్ల బొమ్మలే.

టెంపరింగ్ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన ఉక్కు గాజంత గట్టిది, గాజంత పెళుసుదీ. దాన్ని మళ్ళీ కొద్దిగా వేడి చేస్తే పెళుసు తగ్గుతుంది. ఎంత వేడి అన్నదే విద్య. మెరుగు పెట్టిన ఉక్కు వేడెక్కుతుంటే పైన పలచటి పొర ఏర్పడి రంగులు వరసగా మారతాయి. 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉండే పట్టికే. బాపు ఎదురు పేజీలో రాసుకున్నది: 230 – ఎండుగడ్డి. 255 – బెల్లం. 280 – నేరేడుపండు. 300 – నెమలి మెడ. కింద ఒక వాక్యం: ‘నాయిన కొడవలికి చూసేది గిదే.’

మా తాత చేసేది నేను కూడా చూశాను. కొడవలి అంచుని ఎర్రగా కాల్చి, అంచు వరకే నీళ్ళలో ముంచి, వెంటనే తీసి రాయి మీద రెండు గీతలు రుద్దేవాడు. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే, మెరిసే చోట రంగులు నడిచి వచ్చేవి. ఆయన కన్ను ఆర్పకుండా చూసి, తనకి కావలసిన రంగు అంచుని తాకిన క్షణాన మొత్తం కొడవలిని నీళ్ళలో పడేసేవాడు. కొలిమి ఉన్నచోట ఎండ పడనివ్వకపోవడం ఎందుకో నాకు అప్పుడు తెలియదు. ఎండలో రంగు తెలియదు.

విద్యానగర్‌లో బిగించిన కొలిమికి ఒక పైరోమీటరు ఉంది. ముల్లు అంకె చూపుతుంది. తన తండ్రి కన్నుకీ ఆ ముల్లుకీ మధ్య బాపు ఒక్కడే కూర్చుని లంకె వేసుకున్నాడు. సిలబస్‌లో ఎండుగడ్డి లేదు, బెల్లం లేదు. బోధకుల తప్పని నేను అనను. వాళ్ళకి అందిన పుస్తకాలు ఇంగ్లీషువి, చెప్పవలసిన విషయం జర్మన్, రష్యన్, చెక్ యంత్రాల గురించి, గదిలో కూర్చున్నవాళ్ళలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం అన్నీ ఉండేవి. వాళ్ళు మూడు భాషలు కలిపి ఎలాగోలా చెప్పేవారట. కానీ ఆ గదిలోకి వచ్చిన కమ్మరి పిల్లలు ఒట్టి చేతులతో రాలేదని ఎవరైనా గుర్తించి ఉంటే మన సాంకేతిక తెలుగు ఇంత దిక్కులేనిది అయ్యేది కాదని నాకు అనిపిస్తుంది. ప్రతి సాహిత్య సదస్సులోనూ పారిభాషిక పదాల గురించి సంస్కృత నిఘంటువులు ముందేసుకుని వాదించుకుంటాం. ఒక్కసారైనా ఒక ఫిట్టరుని పిలిచి అడిగామా?

విరిగే పంచ్‌ల సంగతి చెప్పాలి. కోర్సు నుంచి వచ్చాక బాపు చేసింది పెద్ద గొప్ప పనేం కాదు. టెంపర్ చేసే వేడిని కొద్దిగా పెంచి, కొలిమిలో ఉంచే సమయం పొడిగించి, నీళ్ళకి బదులు నూనె వాడమన్నాడు. పంచ్‌లు నిలబడ్డాయి. మెచ్చుకోలు కాగితం ఒకటి ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత టూల్ రూములో ఫోర్‌మన్ ఖాళీ వచ్చింది. నిబంధన ప్రకారం డిప్లొమా కావాలన్నారు. విద్యానగర్ సర్టిఫికెట్ చూపిస్తే, “ఇది ట్రైనింగేనయ్యా, క్వాలిఫికేషన్ కాదు” అన్నాడట ఆఫీసులో ఒకాయన. డిప్లొమా ఉన్న ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఫోర్‌మన్‌గా వచ్చాడు. మంచివాడే, బాపు దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ కర్మాగారం పేరు ఇక్కడ అనవసరం. అప్పట్లో ఎక్కడైనా అదే తీరు.

ఇదీ నా ఫిర్యాదు. పథకం చెయ్యి ఎత్తుని పెంచింది, మనిషి ఎత్తుని పెంచలేదు. నేర్చుకోవడానికి తలుపు తెరిచారు, కానీ ఆ తలుపు వెనక మెట్లు కట్టలేదు. ఇక్కడ డిట్రాయిట్‌లో 1916లోనే హెన్రీ ఫోర్డ్ ఒక ట్రేడ్ స్కూలు పెట్టాడు. 1952 దాకా నడిచింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా ప్లాంటులో ఒక ముసలి టూల్‌మేకరు ఉండేవాడు. కాలేజీ మొహం చూడనివాడు. జీతం నాకంటే ఎక్కువ. ఆయన ఒక డ్రాయింగు మీద వేలు పెట్టి “ఇది కుదరదు” అంటే మేము ఇంజనీర్లం నలుగురం నోరు మూసుకుని మళ్ళీ గీసేవాళ్ళం. (ఇక్కడ అంతా స్వర్గమని అనటం లేదు, అలాంటి పనివాళ్ళు ఇక్కడా కరువైపోతున్నారు.) ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి ఆ సంగతి చెబితే బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆయన గడ్డం గీసుకుంటడా?” అని అడిగాడు. నాకు అప్పుడు ప్రశ్న అర్థం కాలేదు.

విద్యానగర్, బాలానగర్‌ల చదువు వృథా పోయిందని మాత్రం అనుకోకండి. కంపెనీలు పైకి తీసుకోని చేతులు చాలా వరకు బయటకి వచ్చి సొంత షెడ్లు వేసుకున్నాయి. బాలానగర్, జీడిమెట్ల సందుల్లో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషినుతో మొదలైనవాళ్ళు ఎందరో. హెచ్ఎంటీలో కలిసి పనిచేసిన ముగ్గురు 1970లో బాలానగర్‌లో పెట్టిన ఎంటార్ అనే చిన్న సంస్థ, తర్వాత అణు రియాక్టర్లకీ ఇస్రో రాకెట్ ఇంజన్లకీ భాగాలు చేసే స్థాయికి వెళ్ళింది. యజమానులు ఇంజనీర్లు కావచ్చు, కానీ మైక్రాన్ల లెక్కన లోహాన్ని చెక్కడం ఒక్క ఇంజనీరు వల్ల అయ్యే పని కాదు. మరి కొందరు గల్ఫ్ దారి పట్టారు. మా జిల్లాల నుంచి అప్పులు చేసి దుబాయి, మస్కట్ వెళ్ళినవాళ్ళ కష్టాలు అందరికీ తెలుసు. అదే విమానంలో వెళ్ళినా, గొట్టాల వెల్డింగు పరీక్షలో నెగ్గిన వాడి బతుకు వేరు, హెల్పరుగా వెళ్ళిన వాడి బతుకు వేరు. మా మేనబావ ఒకడు ఐటీఐ వెల్డరుగా వెళ్ళి చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. వాడి ఊరి స్నేహితుడు ఏ పనీ నేర్వకుండా వెళ్ళి అప్పుతో తిరిగొచ్చాడు.

ఇక మా బాపు నాకు చేసినది. చిన్నప్పుడు సెలవుల్లో ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళినా లోపలికి రానిచ్చేవాడు కాదు. ఇంట్లో ఆకురాయి పట్టుకుంటే లాక్కునేవాడు. “నువ్వు గీయాలె, రాయొద్దు” అనేవాడు. గీయడమంటే డ్రాయింగు, రాయడమంటే ఆకురాయితో రాయడం. నేను గీసేవాణ్ణే అయ్యాను. ఆయన కోరిక తీరింది. కోనసముద్రంలో విద్య ఆగిపోయినట్టే మా ఇంట్లోనూ ఆగిపోయింది. ఈసారి ఆగింది చవక ఉక్కు వల్ల కాదు, తండ్రి ప్రేమ వల్ల. అవమానం పడ్డ ప్రతి ఫిట్టరూ కొడుకుని ఇంజనీరుని చేద్దామనే అనుకున్నాడు. మన సంఘంలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే ఆశ్చర్యపోతాం.

2015లో ఈ శిక్షణ వ్యవస్థ కార్మిక శాఖ నుంచి కొత్తగా వచ్చిన నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ కిందకి మారింది. తర్వాత విద్యానగర్ సంస్థ పేరు కూడా మారి జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ అయింది. ఆల్విన్ 1990లలోనే చేతులు మారి కనుమరుగైంది. ఐటీఐ చదివినవాళ్ళు పాలిటెక్నిక్ రెండో ఏట చేరడానికి ఇప్పుడు ఒక ప్రవేశ పరీక్ష ఉంది. బాపు కాలంలో ఆ మాత్రం మెట్టు ఆయనకి అందలేదు.

క్రిందటి డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు విద్యానగర్ గేటు ముందు ఆటో ఆపించాను. కొత్త బోర్డు. కాపలా అతను ఏం పని అని అడిగితే, మా నాన్న ఇక్కడ చదువుకున్నాడని చెప్పాను. “ఏ బ్రాంచి సార్?” అన్నాడు. హీట్ ట్రీట్‌మెంటు అన్నాను. అతనికి తెలియలేదు గానీ, మర్యాదగా తలూపాడు.

నోటుబుక్కులోని మాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఇప్పటికి సగం అయింది. కొన్ని చోట్ల బాపు రాత అర్థం కావటం లేదు, కొన్ని మాటలు మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా వినలేదు. మీ ఇళ్ళల్లో ఫిట్టర్లు, టర్నర్లు, కమ్మరులు ఉంటే, లేక అలాంటి పుస్తకం ఏ పెట్టెలోనైనా ఉంటే, సంఘం ద్వారా నాకు కబురు చెయ్యండి. ఆ సుల్తాను కుర్రాడిని మొన్న శనివారం మా గరాజ్‌కి పిలిచాను. ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చాను. రెండు గంటలు రాసి, మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. “అంకుల్, ఇంకా వెలుగు కనిపిస్తోంది” అన్నాడు. నాకూ కనిపించింది. మళ్ళీ వైస్‌లో బిగించాం.